కినుయె గారి ముప్పై గంటల నిద్ర

“లేవకపోతే? నిద్రపోయిన మనిషి మళ్లీ లేవకపోతే ఏం చెయ్యాలి డాక్టర్ గారూ?”

ఈ ప్రశ్న ఒకే ఏడాదిలో ఇద్దరు డాక్టర్లని అడిగాను. మొదటిసారి పిల్లల డాక్టరుని, మా పాప సుజు ఇరవై రోజుల పిల్లప్పుడు. ఆయన పకపకా నవ్వి, “లేస్తుందమ్మా. మీరు వద్దన్నా లేస్తుంది, మీరు పడుకోగానే లేస్తుంది” అన్నాడు. రెండోసారి మా వార్డు డాక్టరు కుసకాబె గారిని, డెబ్భై తొమ్మిదేళ్ల అత్సుమి కినుయె గారి గురించి. ఆయన నవ్వలేదు. చేతిలోని నారింజ ఒలుచుకుంటూ, “ఆ లెక్క కట్టాల్సింది నువ్వే కదా” అన్నారు.

నేను ఫార్మసిస్టుని. హమమత్సు ఊళ్లో, సముద్రం ఒడ్డు ఇసుక తిన్నెలకి ఇవతల, ఇక నయం కాదని తేలినవాళ్లని చూసుకునే వార్డులో నా పని. పదహారు మంచాలు, ఒక తోట, తోటలోకి తెరుచుకునే పెద్ద కిటికీలు. అదే ఆవరణలో ఉద్యోగుల పిల్లల కోసం ఒక గది ఉంది. సుజుని పొద్దున అక్కడ దింపి, గంటకోసారి ఏదో ఒక సాకుతో వెళ్లి, అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చేదాన్ని. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో నోటుపుస్తకంలో రాసుకుని గ్రాఫు గీసేదాన్ని. “ఫొటోల కంటే గ్రాఫులు ఎక్కువున్న పిల్ల ఈ దేశం మొత్తం మీద మనదొక్కటే” అనేవాడు మా ఆయన షుంపే.

కినుయె గారు మార్చి నెలాఖరులో మా వార్డులో చేరింది. కాలేయంలో కేన్సరు. ముప్పై నాలుగు కిలోల మనిషి, అందులో సగం నోరే. నలభై ఆరేళ్లు ఒక వాయిద్యాల కొట్టులో బాకాల సొట్టలు తీసింది. మా ఊళ్లో ఆ పనికి కరువు లేదు. మే నెల మొదట్లో మూడు రోజులు పండగ. పగలంతా తిన్నెల మీద గది గోడంత గాలిపటాలు ఎగరేసి, తాడుకి తాడు రాపాడించి, పక్క పేటవాళ్లది తెంపడం. సాయంత్రమైతే బాకాలు ఊదుతూ, “ఒయిషో! ఒయిషో!” అని అరుస్తూ, ఆ ఏడు తొలి బిడ్డ పుట్టిన ఇళ్ల మీదికి దండెత్తి, తల్లినీ బిడ్డనీ గాల్లోకి లేపడం. ఆ తొక్కిసలాటలో బాకాలు నలగని ఏడు లేదు. పండగ మర్నాడు పొద్దున్నే మీసాలున్న పెద్దమనుషులు కూడా బాకాలు వెనక దాచుకుని కొట్టు ముందు వరస కట్టేవాళ్లట.

“అందరిదీ ఒకటే మాట. ‘అదే పడిపోయిందండీ’ అని. అదే పడిపోతుందిట! కాళ్లున్నాయి దానికి!” అనేది కినుయె గారు.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఉన్నది ఒక్క చెల్లెలు, ఫుసాయె గారు. డెబ్భై ఐదేళ్ల మనిషి, రోజూ రెండు బస్సులు మారి, ఒళ్లో గ్యోజా కుడుముల డబ్బా పెట్టుకుని వచ్చేది. అక్క తినదని తెలుసు. తినదు కాబట్టి ఎదురుగా కూర్చుని తనే తినేది. వచ్చీ రాగానే మొదలయ్యేది.

“మళ్లీ ఆ బఠానీరంగు స్వెట్టరేనే?”

“చచ్చేదానివి, నా స్వెట్టరు గొడవ నీకెందుకక్కా?”

“చచ్చేదాన్ని గనకే అడుగుతున్నా. ఆఖరికి కళ్లారా చూసేది ఆ రంగేనా?”

కారిడార్లో నర్సులు ట్రేలు పట్టుకుని ఆగి మరీ వినేవారు.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు మాత్రలివ్వడానికి వెళ్లాను. కినుయె గారు మాత్రలు మింగి, నీళ్లు తాగి, గ్లాసు నా చేతికిచ్చి, “మందులమ్మాయ్, మెలకువ తగ్గడానికి మందుందా?” అంది.

“నొప్పిగా ఉందా?”

“లేదు.”

“ఆయాసమా?”

“లేదమ్మా. విందు అయిపోయింది. అందరికీ వెళ్లొస్తానని చెప్పాను. గుమ్మం దాకా వచ్చాను. నా చెప్పులు కనబడటం లేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ‘ఇంకా వెళ్లలేదా’ అన్నట్టు నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. రోజుకి పద్దెనిమిది గంటలు గుమ్మంలో నిలబడి నవ్వడం ఎంత అలుపో నీకేం తెలుసు?”

నాకు నిజంగానే తెలియదు. చదువుకున్న పుస్తకాల్లో నొప్పికి పదకొండు రకాల మందులున్నాయి. గుమ్మంలో నిలబడటానికి ఒక్కటీ లేదు. వెళ్లి కుసకాబె గారికి చెప్పాను.

ఆయన జాగ్రత్త మనిషి. ముందు మానసిక వైద్యురాలిని రెండుసార్లు పంపారు. ఇది దిగులు జబ్బు కాదని ఆవిడ రెండుసార్లూ రాసిచ్చింది. ఆ తర్వాత దయాదాక్షిణ్యాల దండయాత్ర మొదలైంది. పొద్దున కాళ్లకి వేణ్ణీళ్ల స్నానం చేయించేవాళ్లు, పదింటికి కాగితప్పూలు మడిచేవాళ్లు, మధ్యాహ్నం ఒక బౌద్ధ భిక్షువు, ఆ తర్వాత జీవిత విశేషాలు రాసుకునే స్వచ్ఛంద సేవకురాలు.

వారం తిరిగాక సమావేశంలో కుసకాబె గారు ఫైలు తీసి గంభీరంగా చదివారు. “మంచి కబురు. ట్యూనా చేపల పడవకి కెప్టెన్‌గా ఉన్న రోజుల గురించి చెప్పేటప్పుడు అత్సుమి గారి ముఖం వెలిగిపోయిందట.”

ఇంటివాళ్ల తరఫున వచ్చి కూర్చున్న ఫుసాయె గారు టీ తాగుతోంది. ఆ టీ సగం బల్ల మీద పడింది. “కెప్టెనా! మా అక్క పడవెక్కితే గట్టు దాటకముందే కక్కుతుంది!”

తర్వాత వెళ్లి అడిగితే కినుయె గారు ఒప్పేసుకుంది. “పొద్దుట్నించి ముగ్గురికి నిజమే చెప్పాను. నాలుగో ఆవిడ వచ్చేసరికి నిజం అయిపోయింది. తుఫాను దాకా తీసుకెళ్లాను. పాపం, ఏడ్చింది.”

మేము కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వడం అయిపోయాక చూస్తే, ఆవిడ గుమ్మంలోనే ఉంది.

ఏప్రిల్ ఆఖరి వారంలో ఆవిడ గదిలోనే అందరం కూర్చున్నాం. కుసకాబె గారు జేబులోంచి నారింజ తీసి, ఒలవకుండా పట్టుకున్నారు. అంటే చాలా పెద్ద విషయమన్నమాట.

“అత్సుమి గారూ, దాపరికం లేకుండా చెప్తాను. నొప్పి తగ్గకపోతే నిద్రపుచ్చుతాం. ఊపిరాడకపోతే నిద్రపుచ్చుతాం. అందులో నాకు తడబాటు లేదు. మెలకువగా ఉండటమే బాధ అంటే మాత్రం తడబడతాను. ఈ బాధని నేను కొలవలేను. రేపు దానంతటదే తగ్గుతుందేమో తెలీదు. నిద్రలో ఉంటే తగ్గిందో లేదో అడగనూ లేను. పైగా మీకింకా వారాలున్నాయి, గంటలు కాదు.”

“మీరు ఇత్తడి పని ఎప్పుడైనా చూశారా డాక్టర్ గారూ?” అంది కినుయె గారు.

“లేదు.”

“సొట్ట తియ్యాలంటే చిన్న సుత్తితో కొట్టాలి. కొడుతుంటే ఇత్తడి గట్టిపడిపోతుంది. ఇంకా కొడితే చీలుతుంది. అప్పుడేం చెయ్యాలి? సుత్తి పక్కన పెట్టాలి. మంట మీద పెట్టి, రంగు మారేదాకా ఉంచి, తీసి వదిలెయ్యాలి. మళ్లీ మెత్తబడుతుంది. మీరంతా మంచివాళ్లే. కానీ రెండు వారాల్నించి నన్ను కొడుతూనే ఉన్నారు. కాగితప్పూలతో కొడుతున్నారు.”

“మంట మీద మరీ ఎక్కువసేపు ఉంచితే?”

“కరిగిపోతుంది. అందుకే పక్కన మనిషి నిలబడాలి.”

కుసకాబె గారు నారింజని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఇంతలో ఫుసాయె గారు ఒంటికాలి మీద లేచింది.

“నేను ఒప్పుకోను! మనిషిని నిద్రపుచ్చి బాధ తగ్గించామంటారేంటి? బాధ ఎక్కడిదక్కడే ఉంది. బాధపడే మనిషిని పక్కకి తప్పిస్తున్నారు, అంతే.”

“అదేనే నేను అడుగుతున్నది!”

“మరి నాతో ఎవరు పోట్లాడతారు?”

ఫుసాయె గారు గ్యోజాల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది.

చివరికి ఆ డబ్బా మీదే బేరం కుదిరింది. ముప్పై గంటలు. మే మూడో తేదీ పొద్దున తొమ్మిదింటికి నిద్రపుచ్చాలి, నాలుగో తేదీ మధ్యాహ్నం మూడింటికి లేపాలి. మూడో తేదీ పండగ మొదటిరోజు. చక్రాల మంచం తోసుకుంటూ పండగ చూపిస్తామని అప్పటికే ఇద్దరు సేవకులు మాటిచ్చేశారట. అది తప్పించుకోవడానికే కినుయె గారు ఆ రోజు ఎంచుకుంది. నాలుగో తేదీ మా సుజు పేరున పేటవాళ్ల గాలిపటం ఎగురుతుంది, దాని కబుర్లు వినడానికి లేవాలన్నది ఫుసాయె గారి షరతు. “లేపకపోయారో, ఇక ఏ కాగితం మీదా సంతకం పెట్టను” అంది నా వైపు చూస్తూ. ఇంకొకసారి నిద్ర కావాలంటే కినుయె గారికి చెల్లెలి ఒప్పుదల కావాలి. అదంతా నేను కట్టే లెక్క మీద ఆధారపడింది.

సరిగ్గా ఆ వారమే నేనొక ఘనకార్యం చేశానని తెలిసింది.

నా పుట్టిల్లు మంచు కురిసే యమగతా. ఈ పండగ నాకు కొత్త. ఫిబ్రవరిలో పేట సంఘం వాళ్లు పాప పేరుతో తొలి గాలిపటం కోసం కాగితం పంపితే నేనే నింపాను. అందులో ‘ఆ రోజు బిడ్డ ఉండే చోటు’ అని ఒక గడి ఉంది. నాలుగో తేదీ నాకు డ్యూటీ. పాప ఉండేది ఆసుపత్రిలో. అదే రాశాను.

షుంపే ఆ కాగితం నకలు చూసి నేల మీద కూలబడ్డాడు. “ఆసుపత్రి అడ్రసు రాశావా?”

“బిడ్డ ఉండే చోటు అడిగారు. బిడ్డ అక్కడే ఉంటుంది.”

“అది ఊరేగింపు రావాల్సిన చోటే తల్లీ! బిడ్డ చంద్రుడి మీద ఉన్నా సరే, అక్కడ అమ్మమ్మ ఇల్లో నానమ్మ ఇల్లో రాస్తారు. నూట ఇరవై మంది వస్తారు!”

“గాలిపటం మొయ్యడానికి అంతమంది ఎందుకు?”

“గాలిపటాన్ని కాదు. నిన్ను మొయ్యడానికి.”

దారి మార్చడానికి వీల్లేదన్నారు పేట సంఘం వాళ్లు, పోలీసులకి మ్యాపు ఇచ్చేశారట. మా హెడ్ నర్సు పేట పెద్దల్ని పిలిపించి షరతులు చెప్పింది. సాయంత్రం కాదు, మూడున్నరకి. తోటలోకి మాత్రమే. పది నిమిషాలు. చప్పుడు వినబడకూడదు. పెద్దలు నడుము దాకా వంగి, “మాటిస్తున్నాం” అన్నారు. చప్పుడు లేని ఊరేగింపు ఎలా ఉంటుందో వాళ్లకీ తెలీదు, మాకూ తెలీదు.

లెక్క కట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. మనిషి బరువు, వయసు, పాడైన కాలేయం, ఒంట్లో మందు సగానికి సగం తగ్గడానికి పట్టే సమయం. నాలుగో తేదీ మిట్టమధ్యాహ్నం డ్రిప్పు ఆపితే మూడింటికి కళ్లు తెరవాలి. గ్రాఫు తీసుకెళ్లి కినుయె గారికి చూపించాను.

“కొండ దిగే బాటలా ఉంది. బాగుంది. ఎన్నింటికి లేస్తాను?”

“మూడింటికి. ఇరవై నిమిషాలు అటూ ఇటూ.”

“సొట్టలు తీసేదాన్ని, నేనే బాకా ఎప్పుడిస్తానో పావుగంట తేడాతో చెప్పేదాన్ని” అని, చెల్లెలి వైపు తిరిగింది. “నిద్రలో నోరు తెరిస్తే మూసెయ్యి. ఆ సేవకురాల్ని లోపలికి రానివ్వకు. తుఫాను తర్వాత ఏమైందని అడుగుతుంది.”

మూడో తేదీ తొమ్మిదింటికి డ్రిప్పు మొదలైంది. అప్పటిదాకా నవ్వుతున్నట్టుండే ఆ ముఖంలో నవ్వు మెల్లగా సడలిపోయింది. నవ్వు లేని ఆవిడ ముఖాన్ని నేను చూడటం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో! పొద్దున్నించి బిగించి ఉన్న పిడికిలి తెరుచుకున్నట్టుంది.

నాకు మాత్రం కాళ్లు నిలవలేదు. పాప దగ్గరికి, అక్కడినుంచి కినుయె గారి దగ్గరికి, మళ్లీ పాప దగ్గరికి. నోటుపుస్తకంలో రెండు గడులు. పాప ముప్పై నాలుగు, కినుయె గారు పధ్నాలుగు. ఒకసారి గదిలోకి వెళ్లేసరికి ఫుసాయె గారు అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఇంకోసారి నేను వేలు పెట్టి ఉండగా కుసకాబె గారు వచ్చారు. నేను తప్పుకున్నాక ఆయనా పెట్టి చూశారు.

ఫుసాయె గారు ఆ రోజంతా నిద్రపోతున్న మనిషితో పోట్లాడింది. స్వెట్టరు ఎందుకు మంచిదో, చిన్నప్పుడు పగిలిన కుండ ఎవరు పగలగొట్టారో, అమ్మ ఎవరిని ఎక్కువ ప్రేమగా చూసిందో అన్నీ విప్పి చెప్పింది. సాయంత్రం బస్సుకి లేస్తూ, “అన్నీ నేనే గెలిచానమ్మా. గెలవడం ఇంత చప్పగా ఉంటుందనుకోలేదు” అంది.

నాలుగో తేదీ పన్నెండింటికి డ్రిప్పు ఆపాం. మూడయింది. కినుయె గారు కదల్లేదు.

మూడుంబావు. ఊపిరి పధ్నాలుగు. కనురెప్ప కూడా ఆడలేదు.

మూడూ ఇరవై. నా గ్రాఫులో ఆవిడ ఈపాటికి కొండ దిగి ఊళ్లోకి వచ్చేసి ఉండాలి. ఫుసాయె గారు మంచం పట్టె పట్టుకుని, “మూడింటికన్నారు. మాటిచ్చారు” అంది. నా తెల్లకోటు జేబులో నిద్రమందుకి విరుగుడు సూది ఉంది. చెయ్యి దాని మీదే ఉంది.

“ఇచ్చేయమంటారా డాక్టర్ గారూ?”

“వద్దు” అన్నారు కుసకాబె గారు. “అది లేపదు, జుట్టు పట్టి లాగుతుంది. హాయిగా పడుకున్న మనిషిని భయంలోకి లాగుతుంది. ఆవిడ అడిగింది విశ్రాంతి. ఊపిరి బాగుంది, నాడి బాగుంది. మన గడియారం కోసం ఆవిడని లాగకూడదు.”

“నా గడియారం సంగతేంటి?” అంది ఫుసాయె గారు. ఆవిడ గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

మూడున్నర అయింది. తోట గేటు తెరుచుకుంది.

నూట ఇరవై మంది మునివేళ్ల మీద లోపలికి వచ్చారు. అందరి ఒంటి మీదా పేట గుర్తున్న నీలం అంగీలు. బాకాలవాళ్లు బాకాలు పెదాలకి ఆనించి, బుగ్గలు పొంగించి, ఊదకుండా ఊదుతున్నారు. డప్పులవాడు తోలుకి జానెడు పైన గాలిని కొడుతున్నాడు. అందరి నోళ్లూ “ఒయిషో! ఒయిషో!” అని తెరుచుకుని మూసుకుంటున్నాయి, ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఒకాయనకి తుమ్మొస్తే నలుగురు కలిసి ముక్కు మూశారు. వాళ్ల వెనక పాప గాలిపటం. పొద్దుటి పోరులో ఒక మూల చిరిగింది. అంత పెద్దది తోటలో పట్టక, తెచ్చి సరిగ్గా కినుయె గారి కిటికీకి ఆనించారు.

నేను పరుగెత్తి ఆపబోయాను. ఆపేలోగా నన్ను లేపేశారు.

భుజాల మీదికి, అక్కడినుంచి గాల్లోకి. పైకి లేచినప్పుడు గాలిపటం అంచు మీదుగా గది లోపల కనిపిస్తుంది. కిందికి దిగితే గాలిపటమొక్కటే. పైకి: కినుయె గారి కళ్లు మూసి ఉన్నాయి. కిందికి. పైకి: మంచం పక్కన కుసకాబె గారు వంగి చూస్తున్నారు. కిందికి. సూదిమందు సీసా పగులుతుందేమోనని జేబు పట్టుకున్నాను. పక్కన షుంపే పాపని రెండు చేతులతో ఎత్తాడు. ఆ నూట ఇరవై మంది చప్పుడు లేకుండా ఊగడం చూసి సుజుకి నవ్వు ముంచుకొచ్చింది. బొడ్డు కింద నుంచి పుట్టిన నవ్వు, కిలకిలా కిలకిలా, తోట మొత్తం మీద అదొక్కటే చప్పుడు. పైకి: ఫుసాయె గారు లేచి నిలబడింది. కిందికి. పైకి.

కినుయె గారి కళ్లు తెరిచి ఉన్నాయి.

“దించండి! దించండి!” అన్నాను గుసగుసగా. అది కూడా వేడుకలో భాగమనుకుని ఇంకా ఎత్తుగా విసిరారు.

కిటికీ తెరిచే ఉంది కనుక మాటలు వినబడ్డాయి. నిద్ర మత్తులో, బొంగురుగా. “ఫుసాయె... నేను చచ్చానా, చెవిటిదాన్నయ్యానా?”

“రెండూ కాదక్కా. ఆసుపత్రని మర్యాదగా ఉన్నారు.”

“మర్యాదా? పండగలోనా?” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఊదమను.”

హెడ్ నర్సు కుసకాబె గారి వైపు చూసింది. ఈలోగా పక్క కిటికీలు తెరుచుకున్నాయి. నాలుగో నంబరు గదిలోని తాతగారు తల బయటికి పెట్టి, “ఊదండయ్యా! తర్వాత కావలసినంత నిశ్శబ్దం ఉంటుంది మాకు!” అని అరిచాడు. హెడ్ నర్సు చేతులెత్తేసింది.

ఊదారు. అంతసేపు బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదిలారు. పిట్టలు లేచిపోయాయి. పాప ఒక్క క్షణం బిత్తరపోయి చూసి, ఇంకా గట్టిగా నవ్వింది. పాట ఒక చుట్టు తిరిగిందో లేదో, కినుయె గారు చెయ్యెత్తింది.

“రెండో వరసలో ఎవడో ఉన్నాడు. వాడి బాకా గొంతులో సొట్ట ఉంది.”

అందరూ ఆగి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. యాభై ఏళ్ల టోఫు కొట్టాయన తల వంచుకుని, గాలిపటం పక్కకి జరిపి కిటికీ దగ్గరికి వచ్చాడు. “పోయినేడు... అదే పడిపోయిందండీ.”

“కాళ్లున్నాయా దానికి?” అంది కినుయె గారు. ముఖం ఎలా వెలిగిందంటే, ట్యూనా పడవ వెలుగు దానిముందు దిగదుడుపు.

పనిముట్లు లేవు. భోజనం ట్రేలో జెల్లీ తినే చెంచా ఉంది. చేతుల్లో సత్తువ లేదు కనుక చెంచా ఫుసాయె గారికిచ్చింది. అరవై ఏళ్లుగా అక్క పనిని ‘టముకుల పని’ అని వెక్కిరించిన మనిషి బాకా ఒళ్లో పెట్టుకుంది.

“చెంచా వెనక్కి తిప్పవే! లోపలినుంచి. నొక్కకు, రుద్దు. అక్కడ కాదు, పక్కన. సొట్ట మధ్యలో మొదలుపెట్టకూడదు, అంచు నుంచి రావాలి. అబ్బబ్బ, నీకు అరవయ్యేళ్ల క్రితమే నేర్పాల్సింది!”

“నేర్పలేదేం మరి?”

“నువ్వడిగావా?”

పది నిమిషాలన్నవాళ్లు గంటన్నర ఉన్నారు. సొట్ట పూర్తిగా పోలేదు. కానీ టోఫు ఆయన ఊదితే కినుయె గారు కళ్లు మూసుకుని విని, “పర్లేదు” అంది. ఆవిడ ‘పర్లేదు’ ఎంత అరుదో తెలిసిన ఆయన అక్కడే ఏడ్చేశాడు.

ఆ మర్నాడు కుసకాబె గారు అడిగారు. “నిద్ర ఎలా ఉంది?”

“ముప్పై గంటలు నేను లేను డాక్టర్ గారూ. ఎంత బాగుందో! తిరిగి రావడమూ బాగుంది. ఏది ఎక్కువ బాగుందని మాత్రం అడగొద్దు.”

నాలుగు రోజులు ఆవిడ గుమ్మంలో లేదు, మా మధ్యే కూర్చుంది. సేవకురాలిని తనే పిలిపించి, తుఫాను తర్వాత పడవని ఒడ్డుకి చేర్చి, అదంతా అబద్ధమని చెప్పి, క్షమాపణ అడిగింది. ఐదో రోజుకి నీళ్లు కూడా దిగలేదు. వారాలు రోజులైపోయాయి. మళ్లీ నిద్ర కావాలంది, ఈసారి లేవడానికి వేళ వద్దంది.

కుసకాబె గారు మూడు రోజులు, రోజుకొకసారి అదే ప్రశ్న అడిగారు. మూడు రోజులూ అదే జవాబు. సమావేశంలో ఆయన, “ఈ మందు ప్రాణం తియ్యదు. జబ్బే తీసుకెళ్తుంది. అయినా చివరిదాకా నిద్రలో ఉంచడానికీ, మనిషిని ముందే పంపెయ్యడానికీ మధ్య గీత ఎక్కడుందో ప్రతిసారీ కొత్తగా వెతుక్కుంటాను. ఈసారి దొరికిందనే అనుకుంటున్నాను. ఖాయంగా చెప్పలేను” అన్నారు. ఆ మాట మీద నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఫుసాయె గారు కాగితం ముందు పెట్టుకుని, “నిజంగా లేపొద్దా?” అని అడిగింది.

“లేపావో, చంపేస్తా.”

సంతకం పెట్టింది.

నేను డ్రిప్పు సిద్ధం చేస్తుంటే కినుయె గారు నన్ను దగ్గరికి రమ్మంది. “నీ పుస్తకం ఫుసాయె చూపించింది. ఒకవైపు నా ఊపిరి, ఒకవైపు నీ కూతురి ఊపిరి. సిగ్గులేదూ?”

“భయమండీ.”

“ఇత్తడి మంట మీద ఉంటే పక్కన నిలబడాలన్నాను, నిజమే. రంగు చూడాలి. తాకకూడదు. తాకితే నీ వేలు కాలుతుంది, ఇత్తడి మీద వేలిముద్ర పడుతుంది. పిల్లని పడుకోబెట్టేటప్పుడు, లేచాక ఏం చేద్దామో ఒక్కటి చెప్పు. పెద్దవి వద్దు, చిన్నది. చెప్పేసి గదిలోంచి బయటికి నడువు. ఊపిరి తీసుకోవడం దాని పని.”

“మరి మీకేం చెప్పను?”

“నాకేం చెప్పకు. ఆశపడి లేచి కూర్చుంటాను.”

ఫుసాయె గారు మాత్రం ఆగలేకపోయింది. మందు ఎక్కుతుండగా చెవి దగ్గరికి వంగి, “రేపు ఈ స్వెట్టరు వేసుకోనులే అక్కా” అంది.

“అబద్ధం” అంది కినుయె గారు.

అదే ఆఖరి మాట. రెండు రోజులు నిద్రపోయి, మూడోరోజు మధ్యాహ్నం, తోటలో ఎవరో నీళ్లు పోస్తున్న వేళ వెళ్లిపోయింది. ఫుసాయె గారు బఠానీరంగు స్వెట్టరులోనే ఉంది.

నా నోటుపుస్తకం ఆ వారంతో ఆగిపోయింది. సుజుకి ఇప్పుడు రెండేళ్లు. నిన్న పడుకోబెడుతూ, “రేపు లేచాక ఇద్దరం కలిసి నారింజ ఒలుద్దాం” అని చెప్పాను. “తొక్క నేను” అంది. సరేనన్నాను. తలుపు దాకా వచ్చి ఆగాను, కాళ్లు వెనక్కి లాగాయి. బయటికి నడిచాను.